నకలుకు ఇంకో ఇల్లు

కెన్నెత్ ఇంట్లో ఎండాకాలం హార్డ్ డిస్కుల చప్పుడుతో మొదలయ్యేది. బళ్ళారి రోడ్ల మీద తారు మెత్తబడే రోజుల్లో, గనుల ఎర్రదుమ్ము కిటికీ అంచుల్లో ఒత్తుగా పేరుకునే రోజుల్లో, బీరువాలోంచి ఒక పాత డిస్కు తీసి కంప్యూటరుకు తగిలిస్తే, తిరగబోయే ముందు అది టిక్కుమనేది. కాసేపాగి మళ్లీ టిక్కుమనేది. లోపలినుంచి ఎవరో గోటితో తలుపు కొడుతున్నట్టు, తీస్తారన్న ఆశ లేకుండానే కొడుతున్నట్టు ఉండేది.

ఆ డిస్కుల్లో ఊళ్లోని తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లు ఉన్నాయి. అంతకంటే ఎక్కువగా వాళ్ల చావులు ఉన్నాయి.

కెన్నెత్ వీడియోలు తీసేవాడు. తండ్రి మిషన్ స్కూలు గేటు కాపలాదారు. ఆ గేటు పక్కన పెరిగిన పిల్లవాడు బాడుగ కెమెరాతో మొదలుపెట్టి, తర్వాత సొంత కెమెరా కొనుక్కుని, టేపుల కాలం నుంచి కార్డుల కాలం దాకా వచ్చాడు. ఆ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లికి వీడియో లేకపోయినా సర్దుకుంటారు గాని మట్టికి, అంటే సమాధి చేసేటప్పుడు, వీడియో లేకపోతే సర్దుకోరు. చుట్టాలు గుంతకల్లులో, ఆదోనిలో, కోలారులో ఉంటారు. ఎండల్లో శవాన్ని ఆపలేరు. పిడికెడు మట్టి వేయడానికి అందుకోలేని వాళ్లకు ఆ వీడియో పంపేవాళ్లు. వాళ్లు ఒకసారి చూసి, ఏడ్చి, చీరల మడతల్లో దాచేసేవాళ్లు. రెండోసారి ఎవరూ చూడరు. కానీ అది ఎక్కడో ఒకచోట ఉండాలి.

అందుకే కూరగాయల మార్కెట్లో కూడా మనుషులు కెన్నెత్‌ను ఆపేవాళ్లు.

"కెన్నెత్ అన్నా, మా యమ్మది నీ కాడ ఉండాది కదా?" అని సరోజమ్మ అడిగేది, చేతిలో మెంతికూర కట్టతో.

"ఉండాదిలే అక్కా."

"భద్రమేనా?"

"భద్రమే."

ఆ ఒక్క మాటతో సరోజమ్మ ముఖం తేటపడేది. మెంతికూర బేరం మళ్లీ అందుకునేది. ఊళ్లో చనిపోయిన వాళ్లంతా ఆ ఒక్క మాట మీద ఆనుకుని ఉన్నట్టు కెన్నెత్‌కు భుజాలు బరువెక్కేవి.

కెమెరా ఆయనది. లైటు డెబోరాది. డెబోరా ఆయన భార్య. పెళ్లయిన కొత్తలో లైటు పట్టే మనిషి ఒకరోజు రాలేదు. ఆమె చీర కొంగు దోపుకుని ఆ వీడియో లైటు అందుకుంది. తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. నెత్తికి పైగా ఎత్తి పట్టుకోవాలి దాన్ని. పట్టుకుంటే మోచేతి దాకా సెగ పాకుతుంది. పెళ్లికూతురు లైటు వెలుగుకు కళ్లు చికిలిస్తే డెబోరా మెల్లగా చెప్పేది: "లైటును చూడొద్దమ్మా, నన్ను చూడు." అందుకే కెన్నెత్ తీసిన పెళ్లికూతుళ్లంతా కెమెరాకు కొంచెం ఎడమగా చూస్తుంటారు. చూసేవాళ్లకు అది సిగ్గులా కనిపిస్తుంది. వాళ్లు చూస్తున్నది డెబోరాను.

ఆమె మాత్రం ఏ వీడియోలోనూ లేదు. లైటు పట్టిన మనిషి ఫ్రేములోకి రాకూడదు. గొంతు పడినా అది నిలవకూడదు. ఇంటికొచ్చి కెన్నెత్ చేసే మొదటి పని అసలు ధ్వనిని తీసేసి, దాని మీద పాటలు పరవడం. పెళ్లికి పెళ్లి కీర్తనలు, మట్టికి మట్టి కీర్తనలు, కొన్ని తెలుగువి, కొన్ని కన్నడవి. వెనక మాటలు వినిపిస్తే ఆ వీడియోవాడికి పని రాదని అర్థం. కెన్నెత్‌కు పని బాగా వచ్చు.

కరోనా రెండో అలలో డెబోరా పోయింది. తెల్ల ముసుగుల మనుషులు తీసుకుపోయారు. కెన్నెత్‌ను శ్మశానం గేటు దగ్గరే ఆపేశారు. ఊళ్లో అందరి మట్టినీ తీసిన మనిషి, గేటు ఊచల సందుల్లోంచి దూరంగా లేస్తున్న దుమ్మును మాత్రం చూశాడు. ఆ దుమ్ము ఏ గుంత దగ్గరిదో కూడా తెలియలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఎవరో పాత పెళ్లి వీడియో మళ్లీ కావాలన్నారు. పాటలు పెట్టి ఇచ్చిన నకలు దొరకలేదు. కెమెరా తీసింది తీసినట్టుగా ఉన్న రా ఫుటేజ్ తెరిచాడు. మిట్టమధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది. స్పీకర్లోంచి, గదిలో తన పక్కనే నిలబడి చెప్పినంత దగ్గరగా, ఆమె గొంతు వచ్చింది.

"లైటును చూడొద్దమ్మా, నన్ను చూడు."

కెన్నెత్ వెనక్కి తిరిగి చూశాడు. గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతోంది, అంతే.

ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నాలన్నీ హెడ్‌ఫోన్లలో గడిచాయి. తాను కోసి పారేసిన చోట్లలో ఆమె ఉంది. దగ్గు ఉంది. నవ్వు ఆపుకుంటుంటే గోడల మీద వణికే వెలుగు ఉంది. చెయ్యి మార్చుకున్నప్పుడు పెళ్లి పందిరంతా ఒక్క క్షణం నీడలో మునిగి తేలడం ఉంది. ఆమె ఏ ఫ్రేములోనూ లేదు గాని ఏ ఫ్రేములో వెలుగున్నా అది ఆమె ఎత్తి పట్టుకున్నదే. పాటల కింద ఆమెను పూడ్చింది తన చేతులే. పూడ్చని నకలు ఈ డిస్కుల్లో మిగిలింది. ఆ డిస్కులేమో టిక్కుమంటున్నాయి.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. టోనీకి కూడా.

టోనీ డెబోరా తమ్ముడు. బళ్ళారి చుట్టుపక్కల గోదాములకూ లారీ ఆఫీసులకూ సీసీ కెమెరాలు బిగిస్తాడు. డిస్కుల చప్పుడు విని తల కొట్టుకున్నాడు.

"బావా, ఇన్ని దినాలు వీటిని నమ్ముకోని ఉండావంటే దేవుని కృపే అప్పా! నా కాడ ఒక సీసీ కెమెరా రికార్డరు ఖాళీగా ఉండాది. దాంట్లో పెద్ద డిస్కు వేసి ఇస్తా."

"నిండిపోతే?"

"నిండితే ఏమవుతాది? పాతదాన్ని అదే తుడిచేసి కొత్తది రాసుకుంటాది. నువ్వు చూసుకునే పనే ల్యా."

"పాతవాటిని తుడిచేసేదాంట్లో పాతోళ్లను పెట్టమంటావా? బలే మొగోడివి."

టోనీ నవ్వేశాడు. "అయితే డిస్కులు వేసి పెట్టుకునే న్యాస్ బాక్సు కొనాల. ఇంట్లో నెట్టుకి తగిలిస్తే యాడున్నా తెరిచి చూసుకోవచ్చు. పా, గాళెప్ప అంగడికి పోదాం."

గాళెప్పది బెంగళూరు రోడ్డులో కంప్యూటర్ల అంగడి. మొదట ఒక నల్లటి డబ్బా తీసి పెట్టాడు. దాంట్లో రెండు డిస్కులు పడతాయి. పక్కన నాలుగు డిస్కులు పట్టే పెద్దది పెట్టాడు. కెన్నెత్ వాటిని చేత్తో ముట్టుకోకుండా, పిల్లనిచ్చే ఇంటిని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"ఎన్నేండ్లు బతుకుతాది?"

"గ్యారంటీ చెప్తా సార్, ఆయుస్సు మాత్రం చెప్పలేను." గాళెప్ప గల్లా పెట్టె మీద మోచేతులు ఆనించాడు. "డిస్కు పోతాదని తెలిసి కొనాల. పోదని కొనేవాడే ఏడుస్తాడు. దీంట్లో రెండు డిస్కులు ఒకేమాదిరి రాసుకుంటాయి. ఒకటి పోతే ఇంకోటి ఉంటాది. పోయినదాన్ని తీసి కొత్తది వేస్తే, ఉన్నది దానికి అంతా నేర్పిస్తాది."

"పొరపాటున నేనే ఏమన్నా తుడిచేస్తే?"

"రెండూ తుడిచేస్తాయి. అద్దం ముందర నువ్వు మీసం గీసుకుంటే అద్దంలోవాడు మాత్రం ఉంచుకుంటాడా సార్?"

టోనీ పెద్దగా నవ్వాడు. కెన్నెత్‌కు నవ్వు రాలేదు. "ఇంట్లో మంట అంటుకుంటే? పిడుగు పడితే?"

"హా, ఇప్పుడు అడిగినావు బరోబర్ మాట! దానికే ఇంకో ఇంట్లో ఇంకో బాక్సు పెట్టాల. నెట్టు మీద రోజూ ఇది దానికి చెప్పుకుంటాది. ఒక ఇంట్లో ఎన్ని నకళ్లు పెట్టినా ఒక నకలు కిందే లెక్క."

"నెట్టులో బాడుగకి జాగా ఇస్తారంట కదా?"

"ఇస్తారు. నీ దాంట్లో ఉండేది చానా పెద్దది. ఎక్కించేకే ఏండ్లు పడతాది. నెలనెలా కట్టాల. ఒక పని చెయ్యి. పాటలు పెట్టి ఇచ్చినవి మాత్రం పెట్టుకో. ఈ చిన్న బాక్సులో అన్నీ పడతాయి."

"అదే చెప్తాండా నేను కూడా," అన్నాడు టోనీ. "రా ఫుటేజ్ ఏంటికి బావా? నిమ్మకాయ పిండినాక తొక్క దాచుకున్నట్టు."

"ఉండనీలే," అన్నాడు కెన్నెత్. "బాడుగ జాగా వద్దు. ఎవరింట్లో ఉంటాయో తెలీకపోతే, పోయినప్పుడు ఎవరింటికి పోయి అడిగేది?"

నాలుగు డిస్కుల డబ్బానే తీసుకున్నాడు. రాత్రింబగళ్లు తిరగడానికే తయారైన డిస్కులు కావాలన్నాడు. వేగం తక్కువైనా వేడి తక్కువగా ఉండేవి కావాలన్నాడు. కరెంటు పోతే నెమ్మదిగా పడుకోబెట్టే యూపీఎస్ కావాలన్నాడు. ఇవన్నీ అయ్యాక అంగడిలో ఫ్యాను ఆపించి, ఒక్కో డిస్కును తిప్పించి, చెవి ఆనించి విన్నాడు. గాళెప్ప టోనీ వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. కెన్నెత్ ఒక డిస్కును పక్కకు నెట్టాడు.

"ఇది వద్దు. లోపల ఏదో మాట్లాడతాండాది."

పాత డిస్కులనుంచి కొత్త వాటిలోకి ఎక్కించడం వారాలు పట్టింది. కొన్ని మెత్తగా దిగాయి. కొన్ని మధ్యలో ఆగి ఎంతకీ కదల్లేదు. ఒక డిస్కు సగం దాకా వచ్చి, టిక్కులు ఆగిపోయి, నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం వినగానే కెన్నెత్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ప్రార్థనలో లేచినట్టు. దాంట్లో కొన్నేళ్లు పోయాయి. ఎవరెవరు పోయారో గుర్తు చేసుకోబోయి ఆపేశాడు. ఆ ఏళ్లలో డెబోరా ఏం మాట్లాడిందో గుర్తు చేసుకోబోయాడు. ఒక్క మాటా రాలేదు. అప్పుడు ఆయనకు నిజంగా భయం వేసింది. మనిషి పోయాక గొంతు తన దగ్గర ఉంటుందనుకున్నాడు. తన దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా డిస్కులోనే ఉంది.

మర్నాడే రెండో డబ్బా తెచ్చాడు. దాన్ని పెట్టడానికి ఇంకో ఇల్లు కావాలి.

ముందు టోనీ ఇంటికే వెళ్లాడు. టోనీ భార్య వినీల కాఫీ ఇచ్చింది, డబ్బా వైపు చూస్తూ.

"దీంట్లో ఏముండాదన్నా?"

"వీడియోలమ్మా. సుమ్నే, ఊరికే ఒక మూల ఉంటాది."

"పెళ్లిళ్లా? చావులా?"

"రెండూ."

"పెళ్లిళ్లయితే టీవీ పక్కనే పెట్టుకుంటా. చావులు మాత్రం వద్దన్నా. రాత్రింబగళ్లు తిరుగుతాంటాదంటివే. అంటే మా ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ తిరుగుతాంటారు గదా."

"వినీలా, మనం విశ్వాసులం," అన్నాడు టోనీ, బావ ముందు పరువు పోతోందని.

"విశ్వాసం విశ్వాసమే. భయం ఇంకోటి. నువ్వు పగలంతా గోదాముల మీద ఉంటావు. దాంతో ఇంట్లో ఉండాల్సింది నేను."

పెళ్లిళ్లు ఒకవైపు, చావులు ఒకవైపు వేరు చేద్దామని కెన్నెత్ ఇంటికొచ్చి కూర్చున్నాడు. కుదరలేదు. టేపుల కాలంలో ఆయనకో పొదుపు అలవాటు ఉండేది. ఒక పని అయ్యాక టేపులో జాగా మిగిలితే పారేసేవాడు కాదు. పొద్దున తాళి కట్టించిన టేపు మీదే, అది ఆగిన చోటునుంచే, సాయంత్రం మట్టి తీసేవాడు. పెళ్లికొడుకు మెడలో దండ ఊగుతుండగా తెర ఒక్కసారి నీలంగా మారి, తర్వాత శవపెట్టె మీద దండ కనిపించేది. కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆ రెండూ ఒకే ఫైలైపోయాయి. డెబోరా ఒకే లైటుతో రెండు చోట్లా నిలబడింది. వాటిని విడదీస్తే మధ్యలో ఎక్కడ కొయ్యాలో ఆయన చెయ్యికి తెలుసు. ఆ మధ్యలోనే ఆమె మాట్లాడేది. ఇంక కొయ్యనని లేచిపోయాడు.

తర్వాత గుడి పక్క పాస్టరు ఇంటికి వెళ్లాడు. సాలొమోను అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"మంచి పనే అప్పా. కానీ ఈ ఇల్లు నాది గాదు. నేను బదిలీ అయిపోతా. వచ్చే ఆయన ఇదేంది అని తీసి పడేస్తే? కమిటీలో పెట్టి చేద్దామా?"

"పెట్టండయ్యగారూ."

"పెడితే ఏమవుతుందో తెలుసా? ఎవరి మట్టి గంట సేపు తీసినావు, ఎవరిది పది నిమిషాల్లో చుట్టేసినావు, అక్కడి నుంచి మొదలు పెడతారు. పోయినోళ్లు కొట్లాడుకోరు గాని ఉన్నోళ్లు ఊరుకోరు." ఆయన అద్దాలు పెట్టుకున్నారు. "వద్దులే కెన్నెత్."

అందరికీ తమవాళ్లు భద్రంగా ఉండాలి. ఆ భద్రం మాత్రం తమ గడప లోపల ఉండకూడదు. సరోజమ్మ మార్కెట్లో ఎప్పటిలాగే అడిగింది: "భద్రమేనా?" కెన్నెత్ మొదటిసారి భద్రమే అనలేదు. "చూస్తాండాలే అక్కా" అన్నాడు. ఆమె చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది.

ఆ వారమే సిరిగేరి నుంచి రామసుబ్బమ్మ ఫోన్ చేసింది. వరి పొలాలూ లారీలూ ఉన్న ఇంటి పెద్దావిడ. భర్త పోయినప్పుడు ఊరేగింపు తీయడానికి కెన్నెత్‌ను పిలిపించారు. అప్పుడు ఇచ్చిన డీవీడీ ఇప్పుడు పెట్టుకోవడానికి ఇంట్లో మిషనే లేదని, ఫోన్లో పడేలా చేసివ్వమని అడిగింది. మాటల్లో మాటగా కెన్నెత్ తన గోడు చెప్పుకున్నాడు.

"అంతేనా? తెచ్చి మా ఇంట్లో పెట్టు," అంది ఆమె.

"అమ్మా, చావులు కూడా ఉండాయి దాంట్లో."

"మా ఇంట్లో గోడకి వేలాడతాండేదంతా సచ్చినోళ్లే గదప్పా. వాళ్లకి రోజూ ఊదుబత్తి పెడతాండా. మీవోళ్లకి కరెంటేగా కావాల్సింది?"

ఆదివారం ఆరాధన అయ్యాక టోనీ వ్యానులో ఇద్దరూ సిరిగేరి వెళ్లారు. కాలువ నిండుగా పారుతోంది. నాట్లు పడిన మళ్లలో ఆకాశం ముక్కలు ముక్కలుగా నిలబడి ఉంది. రామసుబ్బమ్మ ఇంటి ముందు గది లారీల ఆఫీసు. ఇన్వర్టరు ఉంది, టోనీ బిగించిన కెమెరాల కోసం వేసిన నెట్టు ఉంది. టోనీ వైర్లు సర్దుతుంటే కెన్నెత్ ఆమె ఫోన్లో భర్త వీడియో ఎక్కించాడు. ఆమె కాసేపు చూసింది. పూలు, ట్రాక్టరు, జనం, కింద కన్నడ భజన పాట.

"పాటే ఇనపడతాండాది. ఆ పొద్దు ఎవరూ మాట్లాడల్యా ఏంది?"

"మాటలు తీసేసి పాట పెట్టినానమ్మా."

"తియ్యనిది ఉండాదా?"

"ఉండాది. ఇంటికాడి బాక్సులో. ఈడ నుంచే తెరవచ్చు."

"చూపీ. నా ఇంట్లో ఏం పెట్టుకుంటాండానో నాకు తెలియాల గదా."

కెన్నెత్ లాప్‌టాప్ ముందుకు జరిపాడు. ఆ ఫైలు ఆయన ఇంకా వినలేదు. మధ్యాహ్నాల వినడం ఇంకా అంతదాకా రాలేదు.

సాయంత్రపు వాకిలి. బంతిపూల మంటపం కట్టిన ట్రాక్టరు. మూతి దాకా దండలతో కూర్చోబెట్టిన మనిషి. ట్రాక్టరు కదలబోతుండగా గడప లోపలినుంచి రామసుబ్బమ్మ పరుగెత్తుకొచ్చి పెద్ద చక్రం ముందు పడుకుంది. కొంగు ఎటో పోయింది. జుట్టంతా మట్టి. మొగుణ్ని బూతులు తిడుతోంది. "లెయ్! లేస్తావా లేదా! కాలువకి నీళ్లొచ్చినాయి, నారు పొయ్యాల, ఎవుడు పోస్తాడు నీ..." ఆడవాళ్లు లాగుతున్నారు. ఆమె చక్రాన్ని పళ్లతో కరిచింది. కెమెరా దగ్గరికి పోయింది. ఇంకా దగ్గరికి పోయింది. రబ్బరు మీద ఎంగిలి మెరిసేంత దగ్గరికి.

తెర చీకటైంది. లైటు దిగిపోయింది. ఆ చీకట్లో డెబోరా గొంతు, నెమ్మదిగా.

"చాలు కెన్నీ. ఆపు. ఆ యమ్మ మనల్ని పిలవల్యా."

తర్వాత ఏమీ లేదు.

టోనీ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. అక్క గొంతు అతనికి తెలుసు. "బావా," అన్నాడు. పిండిన నిమ్మతొక్కను బావ ఎందుకు దాచుకున్నాడో అతనికి అప్పుడు అర్థమైంది.

రామసుబ్బమ్మ కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"ఎవరెవరు చూసినారు దీన్ని?"

"ఎవరూ చూడల్యా అమ్మా."

"నువ్వు చూసినావు గదా."

కెన్నెత్ తల వంచుకున్నాడు.

"తీసెయ్‌ప్పా," అంది ఆమె. కోపం లేదు గొంతులో. "మిగతాదంతా పెట్టుకో. ఊరంతటినీ తెచ్చి పెట్టుకో, కాదన్ను. ఆ చక్రం కాడ ఉండేది మాత్రం ఈ ఇంట్లోకి రాకూడదు. నీ ఇంట్లో కూడా ఉండకూడదు. దాన్ని దాటేకి నాకు చానా దినాలు పట్టింది."

"తాళం వేసి పెడతామమ్మా, ఎవరికీ కనపడదు," అన్నాడు టోనీ.

"తాళంచెవి ఎవురి కాడ ఉంటాది?"

టోనీ బావ చెవి దగ్గర గుసగుసలాడాడు. "బొమ్మ తీసేసి గొంతు మాత్రం ఉంచుకుందాం. ఆ పక్కకి మార్చి పెట్టుకుంటే ఆయమ్మకి యాడ తెలుస్తాది? అక్క గొంతు బావా. అంత శుద్ధంగా యాడ దొరుకుతాది?"

నిజమే. మిగతా చోట్లలో ఆమె గొంతు మేళాల కింద, పిల్లల ఏడుపుల కింద, జెనరేటరు చప్పుడు కింద నలిగి ఉంటుంది. ఇక్కడ చీకట్లో ఒంటరిగా ఉంది. పైగా ఇది పెళ్లికూతుళ్లకు చెప్పిన మాట కాదు, చుట్టాలకు చెప్పిన మాట కాదు. ఆయన పేరు పెట్టి ఆయనకే చెప్పింది. ఇన్ని మధ్యాహ్నాల్లో ఆయన వెతికిన మాట ఇదే.

"ఆ గొంతు ఎవురిదో నాకు తెలుసు," అంది రామసుబ్బమ్మ. "మీ ఇంటామెదే కదా? లైటు దించి పక్కన పెట్టి, నన్ను చక్రం కింద నుంచి ఎత్తుకున్నాది. కొంగు కప్పి లోపలికి తీసుకపోయి కూసోబెట్టింది. ఆ యమ్మ చెయ్యి నిప్పు మాదిరి కాలతాండె. జరం వచ్చిందా తల్లీ అంటే, లేదమ్మా లైటు వేడి అనింది. నా చెంప మీద పెట్టుకుంటే వదలబుద్ధి కాల్యా." ఆమె కెన్నెత్‌ను చూసింది. "నీకు చెప్పల్యా?"

చెప్పలేదు. కెమెరా పట్టుకుని అప్పుడు తాను ఎక్కడ నిలబడ్డాడో కెన్నెత్‌కు గుర్తుకు రావడం లేదు. బహుశా ఊరేగింపు వెంట పోయి ఉంటాడు. డెబోరా లోపల ఉంటే, లైటు లేకుండా ఎవరి ముఖమో తీసి ఉంటాడు.

"ఒకసారి ఇనుకుంటావా?" అంది ఆమె. "ఇనుకో. నేను వంటింట్లోకి పోతా."

"వద్దమ్మా."

మళ్లీ వింటే చెయ్యి రాదు. అది ఆయనకు తెలుసు. ఫైలులో ఆ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసుకున్నాడు. కొయ్యడం ఆయనకు బాగా వచ్చిన పని. కోశాడు. కోసిన ముక్కను తీసేశాడు. తుడిచినవి కొన్నాళ్లు దాచే మూల ఒకటి ఉంటుందని టోనీ చూపిస్తే, దాన్నీ ఖాళీ చేశాడు. బళ్ళారిలో, తాళం వేసిన ఇంట్లో, డిస్కులు రెండు వైపులా ఒకే క్షణంలో దాన్ని మరిచిపోయాయి. దాన్ని మోసిన పాత డిస్కు, సగం దాకా దిగి ఆగిపోయినది, అంతకుముందే మూగబోయింది.

"అయిందా?"

"అయిందమ్మా."

రామసుబ్బమ్మ లేచి, మేజా మీది లారీ తాళాలూ రసీదు కట్టలూ తానే పక్కకు జరిపి జాగా చేసింది. గోడ మీద భర్త ఫోటో కింద. టోనీ ప్లగ్గు పెట్టాడు. డబ్బా ఒకసారి కూతపెట్టి, పచ్చగా వెలిగింది. ఆమె దాని మీద చెయ్యి వేసి చూసింది.

"ఇది కూడా వెచ్చగానే ఉండాదే," అంది. "బువ్వ తిని పోండి."

సాయంత్రం తిరుగు దారిలో టోనీ మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటిసారి అంతా పోయి చేరడానికి వారాలు పడుతుందని, తర్వాత రోజూ కొంచెమే పోతుందని, కరెంటు పోయినా ఆగిన చోటునుంచే అందుకుంటుందని. కెన్నెత్ వినడం లేదు. ఆయన ఒక మాటను నోట్లో తిప్పుకుంటున్నాడు.

చాలు కెన్నీ, ఆపు అందా? ఆపు కెన్నీ, చాలు అందా?

వ్యాను కాలువ వంతెన ఎక్కింది. రెండు విధాలుగానూ అనుకుని చూశాడు. రెండూ ఆమె గొంతుతోనే వచ్చాయి. ఏది ఆమెదో, ఏది తనదో తెలియలేదు. తెరిచి చూసుకోవడానికి ఏదీ మిగల్లేదు.

"టోనీ," అన్నాడు. "మీ అక్క ఏమనింది?"

టోనీ వ్యాను నెమ్మది చేశాడు. గట్టు మీద ఎవరో నారు కట్టలు మోసుకుంటూ అడ్డం వచ్చారు. వాళ్లు దాటిపోయేదాకా వ్యాను ఆపాడు.

"ఆపమనింది బావా," అన్నాడు చివరికి. "అంతవరకైతే నాకు గుర్తుండాది."